అంచు కట్టిన నీడ

వినోద చీరను లాక్కోలేదు. లాక్కుని ఉంటే నవతకు గొడవ పెట్టుకోవడానికి ఒక సాకు దొరికేది. వినోద కింద కూర్చుని, నవత అత్త ఐలమ్మ ఒళ్ళో ఉన్న చీరను కొంగు వైపు నుంచి రెండు వేళ్ళతో పట్టుకుని, గమ్ము ఆరని రాళ్ళు ఒకదానికొకటి అంటుకోకుండా మడతలు పెడుతూ మెల్లగా తన వైపు జరుపుకుంది.

"జర రెస్టు తీస్కో అక్కా. మంచిగయినంక మళ్ళ ఇస్త."

"గీ ఒక్కటి అయిపోనియ్యి వినోదా. అంచు మీద రెండు పూలే మిగిలినయి."

"సేఠ్‌కు ఎవరో చెప్పిండ్రట. టీబీ ఉన్న ఇంట్ల మాల్ పెట్టొద్దన్నడు. నేనేం చెయ్యాలె చెప్పు."

సిరిసిల్ల నుంచి వలస వచ్చినవాళ్ళుండే గుజరాతీ పట్నపు బస్తీ బమ్రోలిలో, మగ్గాల కార్ఖానా వెనక ఉన్న రెండంతస్తుల వరస గదులవి. మధ్యాహ్నం మగవాళ్ళు షిఫ్టుకు పోగానే పైవరండా నిండా చీరలు పరుచుకునేవి. ఆడవాళ్ళు వాటి మీద మెరుపు రాళ్ళు అతికిస్తారు. వినోద సేఠ్ దగ్గర నుంచి కట్టలు తెచ్చి పంచుతుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన వారానికే నవత ఆ పని నేర్చుకుంది. ఒకరోజు గోటికి అంటుకున్న ఆకుపచ్చ రాయిని గీకకుండా అలాగే ఉంచుకుంటే, సాయంత్రం భర్త రవీంద్ర చూసి ఉంగరం వేలు తప్పిందన్నాడు. ఆ రాయి ఉన్నన్నాళ్ళూ ఆమె గిన్నెలు ఎడమచేత్తో తోమింది.

ఇప్పుడు ఆడవాళ్ళందరూ వరండా ఆ చివరకు జరిగారు. ఈ చివర ఐలమ్మ ఒక్కతే గోడకు ఆనుకుని ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా ముఖం గోడ వైపు తిప్పుకుంటోంది.

"వినోదక్కా, టీబీ చీరెల మీదికెళ్ళి రాదు," అంది నవత. "నేను సదివిన."

"నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. సేఠ్ సదువుకోలే. ఆయనకు చెప్పు పోయి."

ఆ చివర ఎవరో నవ్వారు. వినోద చీరను చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఐలమ్మ వేళ్ళకు అంటిన గమ్మును ఒక్కొక్క వేలి నుంచీ పొరలా తీసి, ఉండ చేసి, తన దగ్గర మిగిలింది అదొక్కటే అయినట్టు ఆ ఉండను చాలాసేపు చేతిలోనే పెట్టుకుంది.

రాత్రి వంట మొదలుపెట్టే వేళకు మామ రాజలింగం షిఫ్టు నుంచి వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద మగ్గాల నూగు. కాళ్ళు కడుక్కుంటూ సంగతి విన్నాడు.

"ఆరు నెలలు మందేసుకుంటే సాఫ్ అయితది. ఈ బమ్రోలిల టీబీ రాని ఇల్లున్నదా," అన్నాడు. తర్వాత కోడలి వైపు చూసి మెత్తబడ్డాడు. "నవత ఉన్నది గన్క జల్ది తెలిసింది. డాక్టర్‌తోటి ఫటఫట హిందీల మాట్లాడింది. నేనయితే నోరు తెరవకపోదును."

ఆ మాట విన్నప్పుడల్లా నవతకు లోలోపల సంతోషంగానే ఉండేది. సిరిసిల్లలో డిగ్రీలో చదివిన బయోకెమిస్ట్రీ పనికొచ్చిన మొదటి రోజు, అత్తతో క్లినిక్‌కు పోయిన ఆ రోజు. గల్లీ క్లినిక్ డాక్టరు ఎక్స్‌రే చూస్తూ, ఇంతకుముందు పెద్ద జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే, అత్త నోరు తెరిచేలోపే తను జవాబిచ్చింది. "కుఛ్ నహీ సర్. ఏక్‌దమ్ ఠీక్ థీ." ఏ జబ్బూ లేదు, బాగానే ఉండేదని. ఐలమ్మ ఒకసారి కోడలి ముఖంలోకి చూసి తల దించుకుంది. తెమడ పరీక్షలో క్రిమి కనిపించలేదు. ఒక్కోసారి కనిపించదు, ఎక్స్‌రేలో మచ్చ ఉంది కదా, చాలు, అన్నాడు డాక్టరు.

అప్పటి నుంచి అత్తకు కంచం వేరు, గ్లాసు వేరు. నవతే వేరు చేసింది, తను చదివిన జాగ్రత్తలన్నీ గుర్తు చేసుకుని. ఆ రాత్రి ఆ కంచం తోముతుంటే మొదటిసారి దాని అంచు ఆమె చేతికి బరువుగా తగిలింది.

*

మర్నాడు వాన ముసురుకుంది. మధ్యాహ్నం ఐలమ్మకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగలేదు. పొడి దగ్గు. తెమడ లేదు. రెండు దగ్గుల మధ్య ఊపిరి పీల్చుకోబోయి సగంలోనే ఆగిపోతోంది, చిన్న గిన్నెతో పెద్ద బిందె నింపుతున్నట్టు.

"పండుకో అత్తమ్మా. బామ్ రాస్త."

"వద్దు బిడ్డా. నేనే రాసుకుంట."

ఎప్పుడూ అదే మాట. స్నానానికి నీళ్ళు తోడనివ్వదు, వీపు రుద్దనివ్వదు, జాకెట్టు మార్చుకునేటప్పుడు తలుపు గడియ పెట్టుకుంటుంది. కాని ఈసారి చేతులు ఎత్తే ఓపిక లేదు. నవత చాప మీద పడుకోబెట్టి, హుక్కులు తీసి, జాకెట్టు పక్కకు జరిపి, బామ్ డబ్బా మూత తిప్పింది.

ఐలమ్మ ఒంటి మీద పాత పచ్చబొట్లు నవతకు తెలుసు. ముంజేతి మీద తేలు, గడ్డం మీద చుక్క. ఇవి వేరే. రొమ్ముల నడుమ ఎముక మీద ఒక చుక్క, ఆవగింజంత, నీలంగా. కుడి చంక కింద ఇంకొకటి. వాటి మధ్య చర్మం ఒక మేర నల్లబడి ఉంది. ఎండకు కమిలిన నలుపు అంచుల దగ్గర మెల్లగా కరిగిపోతుంది. ఇది కరగలేదు. గీత గీసినట్టు ఒక చోట మొదలై, గీత గీసినట్టు ఒక చోట ఆగిపోయింది. ఆ నలుపు పక్కన పాత కుట్ల గుర్తు.

నవత వేలు బామ్‌లోనే ఆగింది.

ఐలమ్మ కొంగు పైకి లాక్కుంది. "పచ్చబొట్టు."

"ఇదెక్కడి పచ్చబొట్టు అత్తమ్మా."

"పొడిపిచ్చుకున్న. పో, చాయ పెట్టు."

నవత చాయ పెట్టలేదు. బీరువా మీదున్న ఎక్స్‌రే తీసి కిటికీకి ఆనించి పట్టుకుంది. వాన వెలుతురులో పక్కటెముకలు తెల్లగా తేలాయి. కుడి ఊపిరితిత్తిలో డాక్టరు చూపించిన తెల్లని నీడ. క్లినిక్‌లో దాని మధ్యభాగమే చూసింది. ఇప్పుడు దాని అంచు చూసింది. ఊపిరితిత్తికి తనవైన భాగాలు, మడతలు ఉంటాయి. రోగం వాటి వెంబడి పాకుతుంది. ఈ నీడ ఏ మడతనూ లెక్కచేయలేదు. చీరకు అంచు కట్టినట్టు తిన్నగా ఉంది.

చర్మం మీద నలుపు ఆగిన చోటే లోపల నీడ కూడా ఆగింది.

*

ఆరేసిన బట్టలు తీసే నెపంతో రవీంద్రను మేడ మీదకు పిలిచింది. అతను మగ్గాలు బాగుచేసే ఫిట్టరు. గోళ్ళ చుట్టూ నల్లని గ్రీజు ఎంత కడిగినా పోదు. ఇంట్లో అందరి ముందూ నవత అతన్ని 'మీరు' అంటుంది. మేడ మీద, బండి మీద 'నువ్వు' అంటుంది. ఆ తేడా ఇద్దరికీ ఇష్టం.

"ఈ ఆదివారం డుమస్ సముద్రం కాడికి పోదాం. వానల టమాటా భజియా తినాలె, మజా వస్తది," అంటూ వచ్చాడు అతను.

"అత్తమ్మకు కరెంటు పెట్టిచ్చిండ్రా? ఆ నీలిచుక్కలు దాని గురికి పెట్టినయే గద?"

రవీంద్ర చేతిలోకి తీసుకున్న చొక్కాను మళ్ళీ తీగ మీద వేశాడు. రొమ్ము క్యాన్సరుకు కిరణాలు ఇవ్వడాన్ని వాళ్ళందరూ ఆ మాటతోనే చెబుతారు. ఆమె నోట ఆ మాట వచ్చిందంటే ఇక దాచడానికి ఏమీ లేదని అతనికి అర్థమైంది.

"లగ్గానికి ముందట్నే అయిపోయింది నవతా. గడ్డ తీసిండ్రు, మందులెక్కిచ్చిండ్రు, ఫాల్గుణంల కరెంటు పెట్టుడు కూడ అయిపోయింది. డాక్టర్లు సాఫ్ అన్నరు."

"ఎములాడ గుడిల తల ఇచ్చిన అన్నది. నెత్తి మీద గంతే గంత జుట్టు చూసి నేను మొక్కు అనుకున్న."

"ఇచ్చెటందుకు అప్పటికేమున్నయి నెత్తి మీద."

నవత బట్టలు వదిలేసి పిట్టగోడ దగ్గరకు పోయి నిలబడింది. కింద కార్ఖానా రేకుల కప్పు మీద వాన, రేకుల కింద మగ్గాల మోత. రెండూ కలిసి ఒకే చప్పుడుగా ఉన్నాయి.

"మా అమ్మను మోసం చేసిండ్రు," అంది. "నన్ను చేసిండ్రు. మీరందరు."

'మీరు' అన్న మాట అతనికి తగిలింది. "అమ్మ చెప్పొద్దన్నది. లగ్గమయి ఏడాది అయ్యెదాక ఆ ముచ్చట ఇంట్ల తియ్యొద్దని నాతోటి, బాపుతోటి ఒట్టేయించుకున్నది. ఎందుకని అడిగితే ఏడ్చింది. ఇంక అడగలే."

"ఇప్పుడది టీబీ కాదు. అది కరెంటు చేసిన పని."

"కరెంటు పెట్టి ఎన్ని నెలలాయె. అప్పుడు దగ్గలేదు, ఇప్పుడెందుకు దగ్గుతది?"

ఆమెకు కోపంలో కూడా ఆ ప్రశ్న నచ్చింది. క్లాసులో ఎవరూ అడగని ప్రశ్న అది. పిట్టగోడ మీద తడి వేలితో గీస్తూ చెప్పింది. కిరణం ఒంట్లోకి పోతే ముందు నీళ్ళను తాకుతుంది. నీటి అణువు పగిలి ముక్కలవుతుంది. ఆ ముక్కలు కుదురుగా ఉండవు, పక్కన ఏది దొరికితే దాన్ని కొరుకుతాయి. గడ్డ కణంలో డీఎన్ఏ దారం అట్లా తెగుతుంది, కణం చస్తుంది. అది మంచిదే. కాని రొమ్ము వెనకే ఊపిరితిత్తి. దాని అంచు కూడా కొంత ఆ దారిలో పడుతుంది. అక్కడ గాలి సంచులకు ఉల్లిపొర లాంటి గోడలు. వాటిలో కొన్ని కణాలు సబ్బు నురగ లాంటిది చేసి గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంటాయి. అవి దెబ్బతింటే సంచులు ముడుచుకుపోతాయి.

"అప్పటికప్పుడు తెలువది. దెబ్బతిన్న కణాలు సాయం కోసం పిలుస్తయి. తెల్ల కణాలు వచ్చి పడ్తయి. అవి ఇంకా కొందరిని పిలుస్తయి. గట్ల పిలుపు మీద పిలుపు, నెలలకొద్ది. అండ్ల ఒక పిలుపుకు టీజీఎఫ్-బీటా అని పేరు. అది ఇన్నయంటే, గాయాలు మాన్పే కణాలు లేచి పోగులు నేస్తయి. గాయం మానినంక ఆపాలె. ఇక్కడ పిలుపు బంద్ కాదు, గందుకే నేత బంద్ కాదు."

రవీంద్ర చూపుడువేలు కిందికి వంచి చూపించాడు. "మగ్గంల పోగు తెగితే దాని మీదున్న ఇనుప పట్టి కింద పడ్తది. పడంగనే మగ్గం ఆగుతది."

"ఆ పట్టి పడకుంటే?"

"తెగిన పోగులతోటే నేసుకుంట పోతది. బట్ట అట్ట లెక్క అయితది. విప్పెటందుకు రాదు."

"అత్తమ్మ లోపల గదే అయితాంది. ఆ పిలుపును ఆపే మందున్నది, స్టెరాయిడ్. జల్ది ఇస్తే మంట చల్లబడ్తది. నేత గట్టిపడ్డంక ఇస్తే ఏం లాభం లేదు."

*

"టీబీ మందు మధ్యల ఆపితే ఇంక ఏ మందు పని చెయ్యదు," అన్నాడు రాజలింగం, నవత చెప్పిందంతా విని. అరవలేదు. గోడ వైపు చెయ్యి చూపించాడు. "నువ్వే గద బిడ్డా, గా కాయితం అతికిచ్చింది."

క్లినిక్‌లో ఇచ్చిన కాగితం అది. కోర్సు మధ్యలో ఆపకూడదని పెద్ద అక్షరాలు. నవతే గమ్ముతో అతికించి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది, చూడ ముచ్చటగా ఉంటుందని.

"మామయ్యా, అది టీబీ ఉన్నోళ్ళకు."

"లేదని ఎవలన్నరు? డాక్టరన్నడా?"

మూలన పడుకున్న ఐలమ్మ ఇటు తిరగకుండానే అంది, "నాకు టీబీనే. మందేసుకుంటాన్న. తగ్గుతది. ఇంక ఆ ముచ్చట తియ్యకు నవతా, నీకు దండం పెడ్త."

నవత లేచింది. గొడుగు తీసుకుని, ఎక్స్‌రేను పాలిథిన్ సంచిలో చుట్టి, ఒక్కతే క్లినిక్‌కు పోయింది. గుమ్మం దాకా జనం. లోపలికి పిలిచేసరికి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. చెప్పవలసిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. డాక్టరు చెడ్డవాడు కాడు. విన్నాడు. ఎక్స్‌రేను వెలుతురు పెట్టెకు తగిలించి మళ్ళీ చూశాడు. పాత కాగితం తీసి చూశాడు.

"ఆప్ హీ నే తో బోలా థా, కుఛ్ నహీ థా," అన్నాడు, ఏ జబ్బూ లేదని చెప్పింది మీరే కదా అని.

"ముఝే మాలూమ్ నహీ థా, సర్." తనకు అప్పుడు తెలియదని.

"పేషెంట్ నోటితో చెప్పాలి. కాగితాలు తేవాలి. కోడలు వచ్చి ఒకరోజు లేదంటే, ఇంకోరోజు ఉందంటే నేను మందు మార్చలేను, బెహన్." బయట నుంచి తర్వాతి మనిషి అప్పుడే తలుపు నెట్టాడు.

దారిలో ఆమెకు మొదటిసారి ఆ రోజు అత్త చూసిన చూపు గుర్తొచ్చింది. తను జవాబిచ్చాక చూసింది. అప్పుడది మెచ్చుకోలు అనుకుంది.

*

శనివారం పొద్దున్నే నవతను కోసాడ్ పంపించారు. ఆషాఢం మొదలవుతోంది. కొత్త కోడలు, అత్త ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు. సిరిసిల్ల పోవడానికి రైలు టికెట్లు దొరకలేదు గనక కోసాడ్ కాలనీలో ఉన్న చిన్నమ్మ సమ్మక్క ఇల్లే పుట్టిల్లని తీర్మానించారు. ఐలమ్మ గుమ్మం దాకా రాలేదు. లోపలి నుంచే, "పైలం బిడ్డా," అని జాగ్రత్త చెప్పింది. ఆ రెండు మాటలకే ఆయాసపడింది.

"ఆషాఢంల మొగుని యాదికి ఏడుస్తున్నవా," అని సమ్మక్క ఆటపట్టించింది. నవతకు నవ్వు రాలేదు. ఇంట్లో ఉన్నప్పుడే ఎవరూ వినలేదు, ఇక్కడ నుంచి ఎవరు వింటారు. ఫోన్ చేస్తే రాజలింగం, "ఎట్లనో గట్లనే ఉన్నది," అన్నాడు.

ఆదివారం సాయంత్రం రవీంద్ర బండి మీద వచ్చాడు. ఆషాఢంలో మొగుడూ పెళ్ళాలు కూడా కలవకూడదు. సమ్మక్క వంటింట్లోకి పోయి గిన్నెల చప్పుడు గట్టిగా చేసింది, వాళ్ళు పోయే చప్పుడు తనకు వినిపించలేదని చెప్పుకోవడానికి.

డుమస్‌లో వాన ఆగి, నల్లటి ఇసుక మెరుస్తోంది. తోపుడు బండి మీద నూనెలో టమాటా భజియాలు పొంగుతున్నాయి. బండివాడు టమాటా చక్రం మీద పచ్చడి రాసి శనగపిండిలో ముంచి వేస్తున్నాడు. నవత మొదటి ముక్క కొరికింది. నోరు కాలి, కళ్ళలో నీళ్ళు వచ్చి, పచ్చడి కారం ముక్కులోకి పోయి, ఒక్క క్షణం ఆమెకు ఏ బాధా గుర్తులేదు. "అబ్బ," అంది. రవీంద్ర ఆ ముఖాన్నే చూస్తున్నాడు, దాని కోసమే ఇంత దూరం వచ్చినట్టు.

అతని ఫోను మోగింది. రాజలింగం.

"మీ అమ్మ నీళ్ళకని కిందికి దిగింది. మెట్ల మీద కూసున్నది. లేస్తలేదు. ఊపిరి సాల్తలేదు."

వాళ్ళు బమ్రోలి చేరేసరికి ఐలమ్మ ఆ మెట్ల మీదే ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నోరు తెరిచి, భుజాలతో ఊపిరి పీలుస్తోంది. పక్కన బిందె బోర్లా పడి ఉంది. వినోద పై మెట్టు మీద నిలబడి, దగ్గరికి రావాలో వద్దో తెలియక చేతిలోని విసనకర్రను అంత దూరం నుంచే ఊపుతోంది.

రాజలింగం నవతను చూశాడు. "ఆడ్నే ఉండు బిడ్డా. ఆషాఢం, లోపలికి రాకు."

నవత గేటు బయటే ఆగింది. అంత కోపంలోనూ ఆగింది. అదే ఆమెకు ఇంకా చిరాకు తెప్పించింది. "మామయ్యా," అంది, గేటు కమ్మీలు పట్టుకుని. "కరెంటు పెట్టిన దవాఖానకు తీస్కపోదాం. ఇప్పుడే."

"కూసుంటే... తగ్గుతది," అంది ఐలమ్మ.

రాజలింగం భార్య వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఆ చెయ్యి కింద పక్కటెముకలు లేస్తూ పడుతూ ఉన్నాయి. అతను ఇన్నాళ్ళూ వినని మాటలేవో ఆ చెయ్యే విన్నట్టుంది.

"రేపు పొద్దుగాల పోదాం," అన్నాడు. గేటు బయటున్న కోడల్ని చూసి, "దవాఖానకు రెండు గేట్లున్నయి. నువ్వొక దాంట్లకెళ్ళి రా, మేమొక దాంట్లకెళ్ళి వస్తం," అన్నాడు.

*

అలాగే జరిగింది. ఓపీ గేటు లోంచి ఐలమ్మ, వెనక రాజలింగం. మందుల దుకాణం వైపు గేటు లోంచి నవత, రవీంద్ర. లోపల హాలులో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నాక ఆ ఏర్పాటు గురించి నవతకు నవ్వు వచ్చింది. నవ్వితే రాజలింగం నొచ్చుకుంటాడని దగ్గింది.

స్కానింగు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. డాక్టరు గది నుంచి పేరు పిలిచారు. రవీంద్ర లేవబోతే నర్సు, "పేషెంట్ ఔర్ ఏక్ జన్, బస్," అని తోడు ఒక్కరినే రమ్మంది.

రాజలింగం వెనక్కి తగ్గాడు. అతనికి లోపల ఏం మాట్లాడాలో తెలియదు. రవీంద్ర నవతను చూశాడు. గదికి ఒక్కటే తలుపు. దానికి ఎత్తయిన గడప, వాన నీళ్ళు రాకుండా కట్టిన సిమెంటు గట్టు.

ఐలమ్మ గడప ముందు ఆగింది. ఆయాసం వల్ల ఆగిందని నవత అనుకుంది. ఐలమ్మ గడపను చూస్తోంది. తర్వాత చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకుంది, గాజులు కలిపి పట్టుకుంది, పట్టుకునే కాలు ఎత్తి లోపల పెట్టింది. వెనక రాజలింగం తల తిప్పుకుని గోడ మీది బోర్డు చూశాడు.

డాక్టరు నడివయసు గుజరాతీ స్త్రీ. కంప్యూటరు తెర మీద స్కాను చూస్తూ, అప్పుడప్పుడూ ఐలమ్మ ఊపిరినీ చూస్తోంది. ఏమేం జరిగిందో చెప్పమంది.

నవత దగ్గర అంతా సిద్ధంగా ఉంది. బస్సులో ఒకటికి రెండుసార్లు హిందీలో అనుకుంది కూడా. నోరు తెరిచి, మూసుకుంది. అత్త వైపు తిరిగి కూర్చుంది.

ఐలమ్మ కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. వచ్చీరాని హిందీలో, ఒక్కో ముక్క తర్వాత ఊపిరి కోసం ఆగుతూ చెప్పింది. గడ్డ. ఆపరేషను. మందులు. కరెంటు. కొడుకు లగ్గం. దగ్గు. కొంగు పక్కకు జరిపి నీలిచుక్క మీద వేలు పెట్టి చూపించింది.

డాక్టరు తెర ఇటు తిప్పింది. "రోగం గీత గీసుకుని రాదు. ఈ గీత మేం గీసిందే, సేక్, అదే మీ కరెంటు, ఇచ్చినప్పుడు. టీబీ మందులు ఇవాళే ఆపెయ్యండి. అవి లోపల ఉంటే నేనిచ్చే మందును కూడా నిలవనివ్వవు." రాయడం మొదలుపెట్టి మధ్యలో తలెత్తింది. "దగ్గు వస్తే రమ్మని చెప్పాం కదా మేము. పోనీ ఆ క్లినిక్‌లోనైనా ఎందుకు చెప్పలేదు?"

ఐలమ్మ కోడలి మణికట్టు వదల్లేదు.

"యే బచ్చీ బాజూమే బైఠీ థీ, మేడమ్." ఈ పిల్ల పక్కనే కూర్చుని ఉందని.

డాక్టరుకు అర్థం కాలేదు, అడగనూ లేదు. నవత తెర మీద నీడను చూస్తూ ఉండిపోయింది. దాని లోపలి భాగం పొగమంచులా పలచగా ఉంది. గీత వెంబడి మాత్రం సన్నని తెల్లటి పట్టీ, గట్టిగా.

"మేడమ్, అది..."

"మంచులా ఉన్నది తగ్గుతుంది, చాలావరకు. ఈ పట్టీ గట్టిపడింది. అది ఉండిపోతుంది. ఇంకా ముందే వస్తే ఇంత ఉండేది కాదేమో."

*

మందుల కోసం రవీంద్ర, రాజలింగం చెరో వరసలో నిలబడ్డారు. బెంచీ మీద అత్తా కోడళ్ళు.

"నా ముందట చెప్తే ఏమయ్యేది అత్తమ్మా," అంది నవత. "మా అమ్మను మోసం చేసిండ్రని నేను ఎన్ని మాటలన్న. మీరు..."

"మీ అమ్మకు ఎరికే."

నవత తల తిప్పింది.

"లగ్గం ఖాయం చేస్కొని పూలు పండ్లు పెట్టకముందే నేను ఫోన్ చేసి చెప్పిన. దాచి ఎట్ల చేస్కుంట బిడ్డా. నాకు గిట్ల రోగమున్నది వదినా, ఇష్టమైతెనే ఇయ్యి అన్న." ఐలమ్మ ఊపిరి కోసం ఆగింది. "మీ అమ్మ, తిరుమల వదిన, ఒక పూట ఆలోచన చేసి మళ్ళ ఫోన్ చేసింది. పిల్లగాడు మంచోడు, ఇస్త అన్నది. కని ఒక్క మాట అడిగింది. ఏడాది దాక నా బిడ్డకు తెలువనియ్యకు అన్నది. ఆమె అత్తగారింటికి వచ్చిన నెలకే వాళ్ళత్తకు కాలు చెయ్యి పడిపోయిందట గద. కొత్త పెండ్లి సంబురం ఎట్లుంటదో నాకు తెలువనే తెలువదు వదినా అన్నది. నా బిడ్డ చిన్న దానికి పెద్ద దానికి నవ్వుతది, ఒక్క ఏడాది నవ్వనియ్యి అన్నది. తెలిస్తే అది పుస్తకాలు ముందటేసుకొని నీ పక్కకే కూసుంటది అన్నది."

నవత వేలి గోటి వైపు చూసుకుంది. ఆకుపచ్చ రాయి ఎప్పుడో ఊడిపోయింది. అది ఉన్న చోట గోరు మీద గమ్ము మచ్చ ఉంది.

తను నవ్విన ప్రతి నవ్వునూ ఈమె పక్కన కూర్చుని చూసింది. క్లినిక్‌లో కూడా.

బ్యాగులో ఫోను మోగింది. అమ్మ. ఈ వేళకు రోజూ చేస్తుంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా? కోసాడ్‌ల మంచిగున్నదా? మీ చిన్నమ్మ ఏమొండింది?"

"టమాటా భజియా తిన్న అమ్మా నిన్న. డుమస్ పోయినం."

"ఆషాఢంల ఎట్ల పోయిండ్రే," అని అమ్మ నవ్వింది. తర్వాత ఎప్పటిలాగే కొంచెం ఆగి అడిగింది, "అత్తమ్మ మంచిగున్నదా?"

పెళ్ళయిన నాటి నుంచి ప్రతి ఫోనులోనూ అడుగుతున్నదే. ఆ ప్రశ్నకు ముందు అమ్మ ఆగుతుందని నవత ఎప్పుడూ గమనించలేదు. ఇవాళ ఆ ఆగడం బెంచీ అంత పొడుగ్గా వినిపించింది.

ఐలమ్మ ఆమె మోకాలు మీద చెయ్యి వేసి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపింది.

"మంచిగున్నది అమ్మా," అంది నవత. గొంతులో నవ్వు తెచ్చుకుంది. మొదట తెచ్చుకున్నదే, తర్వాత కొంచెం దానంతటదే వచ్చింది. "నన్ను ఒక్క పని చెయ్యనిస్తలేదు. నువ్వే ఏదో చెప్పినట్టున్నవ్ ఆమెకు."

అవతల అమ్మ గొంతు సవరించుకుంది. "నేనేం చెప్త," అంది.

రవీంద్ర మందులు తీసుకుని ఓపీ గేటు దగ్గర నిలబడి తల్లి కోసం చూస్తున్నాడు. రాజలింగం గొడుగు విప్పుకుని రెండో గేటు దగ్గర కోడలి కోసం చూస్తున్నాడు. నవత ఫోను పెట్టేసి లేచింది. ఐలమ్మ లేవడానికి బెంచీ అంచు పట్టుకుంటే, చెయ్యి అందించింది.

"ఎటు పోదాం అత్తమ్మా?"

ఐలమ్మ రెండు గేట్లనూ చూసింది. "ఏది దగ్గరుంటే దాంట్లకెళ్ళే," అంది.

రెండడుగులు వేసి ఆగారు. మళ్ళీ రెండడుగులు. ఐలమ్మ ఊపిరి అందేదాకా నవత కూడా ఊపిరి బిగబట్టి నిలబడుతోంది. గొడుగుతో ఉన్న రాజలింగం వాళ్ళిద్దరూ ఒకే గేటు వైపు రావడం చూసి, వాన జల్లు పడకుండా గొడుగును ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.